షెడ్డు కడిగిన మర్నాడు

ధారావాహిక నవల: పద్నాలుగో భాగం

ఆకు కోయనని వీణ అనలేదు. కోస్తాననే అంది. కోసి, మోపు కట్టి, షెడ్డు గడప దాకా తెచ్చి పడేస్తానంది. లోపలికి మాత్రం అడుగు పెట్టనంది.

ఆదివారం పొద్దున ఏడింటికి మొదలైన ఈ తగువు, పెద్దకొడుకు నాగేశ్, పెద్దకోడలు చంద్రిక సుగటూరులో కారు దిగేసరికి తొమ్మిదిన్నరైనా తెమల్లేదు. అత్త మునివెంకటమ్మ వాకిట్లో మల్బరీ మోపు మీద ఒక కాలు పెట్టి నిలబడి ఉంది. చిన్నకోడలు వీణ కొళాయి దగ్గర పళ్ళేలు తోముతోంది. ఒక్కో పళ్ళేన్నీ అవసరానికి మించి గట్టిగా తోముతోంది.

"గడప దాకా తెస్తుందంట! గడప కాడ పడేస్తే ఆకుకు కాళ్ళొచ్చి నడుచుకుంటా పోతాదా తట్టల్లోకి?"

"మీ కొడుకుండాడు గదత్తా. ఆయనకుండాయి కాళ్ళు."

"వాడు తోటకు నీళ్ళు పెట్టేదా, డైరీకి పాలు పోసేదా, నీ బదులు మేత వేసేదా? నాలుగో జ్వరం లేచి రెండు దినాలయింది. ఇప్పుడు తినకుంటే పురుగు ఇంగెప్పుడు తినేది?"

పట్టుపురుగు కుబుసం విడిచే ముందు మేత మాని కదలకుండా పడి ఉంటుంది. దాన్ని ఆ ఊళ్ళలో జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగు ఆకలికి అంతుండదు. గూడు కట్టేదాకా వారం ఎనిమిది రోజులు పెద్ద మేపు. ఆ వారంలో ఇంట్లో మనిషన్నవాళ్ళు ఎవరూ తప్పుకోవడానికి వీలుండదు. ఇంకా ఆరు రోజులుంది.

కిందటి వారం మనం చంద్రికను రాబర్ట్‌సన్‌పేట ఇంట్లో, యూనివర్సిటీ ఉత్తరం చేతబట్టుకుని, ఎవరికి ముందు ఫోను చెయ్యాలో తోచక నిలబడి ఉండగా వదిలాం. హేమగిరి ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంలో ఆమె అసోసియేట్ ప్రొఫెసరు. ఏడు ఊళ్ళలో పట్టుపురుగులు పెంచే నూట నలభైమంది ఆడవాళ్ళ ఊపిరిని రెండేళ్ళ పాటు కొలిచి రాసిన పేపరుకు ఈ ఏటి ఉత్తమ పరిశోధన పురస్కారం వచ్చింది. మంగళవారం స్థాపన దినోత్సవం నాడు సభలో ఇస్తారు. ప్రొఫెసరు పదవి ఫైలు కూడా దాని వెంటే కదులుతుందని విభాగాధిపతి శ్రీకంఠ సార్ మాటిచ్చారు. ఫోనులో పిలిస్తే బాగుండదని అత్తామామల్ని పిలవడానికి స్వయంగా బయల్దేరి వచ్చింది.

వచ్చి తగువులో పడింది.

"ఇదో, రాసినమ్మే వచ్చింది. ఆమెనే అడుగు," అంది మునివెంకటమ్మ, మోపు మీంచి కాలు తీసి. "చంద్రికమ్మా, నువ్వే చెప్పు. పురుగుల పనితో ఊపిరికి ఏమీ కాదని పేపర్లో వేసినారా లేదా?"

వేశారు. కన్నడ దినపత్రికలో, చంద్రిక ఫొటోతో సహా. ఆ ముక్కను మరిది మునిశంకర్ కోలారులో లామినేషన్ చేయించి తెచ్చి షెడ్డు తలుపుకు మేకు కొట్టి తగిలించాడు. 'పట్టు మహిళలకు ఊపిరి భయం లేదు' అన్న పెద్దక్షరాలు వాకిట్లోంచే కనబడుతున్నాయి. చదవడం రాని మునివెంకటమ్మకు కూడా ఆ ఐదు మాటలూ కంఠతా వచ్చు.

చంద్రిక చేతిలో సంచి తిన్నె మీద పెట్టింది. క్లాసులో చెప్పే మాటే నోటికొచ్చింది. "అది నూట నలభైమందికీ కలిపి చెప్పిన మాట అత్తా. పంట పెట్టకముందు ఒకసారి కొలిచినాము, పంట చివర ఒకసారి కొలిచినాము. రెంటికీ తేడా లేదు. అట్లని ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో మాదిరి ఉండొచ్చు."

"అంటే నాదొక్కదానిదే మైనం ఒళ్ళా అక్కా?" అంది వీణ, చెయ్యి ఆపకుండానే.

"నేనట్ల అనలేదు వీణా."

"నువ్వు అనకున్నా నీ అట్ట అంటా ఉండాది." తలుపు మీద లామినేషన్ వైపు గడ్డంతో చూపించింది. "దగ్గొచ్చినప్పుడల్లా దాన్ని చూపిస్తారు. దమ్మొచ్చినప్పుడల్లా దాన్ని చూపిస్తారు. మొన్న నేత్రావతక్క ఫోన్ చేసింది టేకల్ నుంచి. ఆడ గూడా ఇదే కతంట. మొగోళ్ళంతా నీ పేరు చెప్తారంట."

చంద్రిక తలుపు మీది తన ఫొటో చూసి చూపు తిప్పుకుంది.

వీణ పళ్ళేలు వదిలేసి లేచింది. "నేను కామసముద్రం పోయి పదైదు దినాలుండి వచ్చినాను, మా అన్న గృహప్రవేశానికి. మా అమ్మోళ్ళిల్లు మిద్దె మీద. దినానికి పదిసార్లు ఎక్కి దిగినాను. దమ్ము రాలేదు. శుక్రవారం వచ్చి ఈడ ఒక్క పూట మేత వేసినాను. తెల్లారేదాకా గోడకానుకొని కూర్చున్నాను. అడుగు మీ మరిదిని."

"పుట్టింట్లో ఎవరికొస్తాది దమ్ము?" అంది మునివెంకటమ్మ. "ఆడ పనుంటే గదా!"

నాగేశ్‌కు నవ్వొచ్చింది. భార్య ముఖం చూసి మింగేశాడు.

గోడకు ఆనుకుని కూర్చుందన్న మాట చంద్రికకు తగలవలసిన చోట తగిలింది. ఆమె పుట్టి పెరిగింది ఛాంపియన్ రీఫ్స్ క్వార్టర్సులో. నాన్న కోలారు బంగారు గనుల టైమ్ ఆఫీసులో గుమాస్తా. పక్క లైనులో, భూమి కింద రాతికి బెజ్జాలు వేసే పని చేసి రిటైరైన తమిళాయన ఒకాయన ఉండేవాడు. పక్క చుట్టను వీపుకు పెట్టుకుని, కూర్చునే నిద్రపోయేవాడు. పడుకుంటే ఊపిరాడదు. గనిలోకి దిగకముందు ఆయన ఊపిరి ఎంతుండేదని ఎవరినడిగినా ఇంతని చెప్పేవాళ్ళు లేరు. చంద్రిక డాక్టరై, ఊపిరితిత్తుల మీదే పరిశోధన పెట్టుకోవడానికి ఆయనే కారణం. 'ముందు ఎంతుండేదో తెలిస్తేనే ఎంత పోయిందో తెలిసేది' అని ఏటా మొదటి క్లాసులో చెబుతుంది. కుర్రడాక్టర్లు నోట్సులో రాసుకుంటారు.

ఆమె కారు దగ్గరికి నడిచి, వెనక సీట్లో ఎప్పుడూ ఉండే సంచిలోంచి ఊదే గొట్టం తెచ్చింది. జానెడు ప్లాస్టిక్ గొట్టం. ఊదితే ముల్లు ముందుకు జరిగి ఊపిరి బలమెంతో చూపిస్తుంది.

"ఊదు వీణా. మూడుసార్లు."

వీణ చేతులు చీరకు తుడుచుకుని ఊదింది. మూడోసారి ముల్లు మూడు వందల నలభై దగ్గర ఆగింది. చంద్రిక ఫోనులో పాత కొలతల పట్టిక తెరిచి వీణ నంబరు వెతికింది. పంటకు ముందు రెండు వందల అరవై. పంట చివర రెండు వందల అరవై ఐదు.

గొట్టం చెడిపోయిందేమోనని తనే ఊదింది. ఎప్పుడూ వచ్చేదే వచ్చింది.

అంటే శుక్రవారం ఆయాసంతో నిద్రలేని మనిషికి ఆదివారం పొద్దున మూడు వందల నలభై. నెలరోజులు పురుగుల ముఖమే చూడకుండా ఉన్నప్పుడు రెండు వందల అరవై. తలకిందులుగా ఉంది.

"వీణా, మొదటిసారి స్కూల్లో మిమ్మల్ని ఊదించినాము చూడు, ఆ దినం నీకు జలుబు గిలుబు ఏమన్నా ఉణ్ణిందా?"

"జలుబేం లేదక్కా. ముందు దినమంతా షెడ్డు కడిగింటిమి గదా, దాంతో కండ్లు మంటలు, గొంతు మంట. అంతే."

"పంట ముందర షెడ్డు కడిగేది మామూలే కదా?"

"మామూలుగా అయితే బ్లీచింగు, సున్నం కొట్టి తలుపులు మూసేస్తాము. మూడు దినాలు అట్నే పెట్టేసి, వాసన పోయినాకనే పోతాము లోపలికి. అది అప్పటికే అయిపోయింది. మీరొస్తారని రెండోసారి కడగమనింది అత్త. మూడు బకెట్ల మందు. కొంగు ముక్కుకు కట్టుకొని పొద్దు మునిగేదాకా కొట్టినాను."

"మరి?" అంది మునివెంకటమ్మ. ఇందులో దాచవలసింది ఏముందో ఆమెకు తెలియలేదు. పైగా గొప్పగానే చెప్పింది. "యూనివర్సిటీ నుంచి డాక్టర్లు వస్తా ఉంటే గలీజుగా పెట్టుకుంటామా? ఇంటింటికీ నేనే పోయి చెప్పినాను. మా పెద్దకోడలు తీసకొస్తా ఉండాది, చూసినోళ్ళు ముక్కు మూసుకోకూడదు, రేపటికి షెడ్లు, ఇండ్లు పాలల్లే ఉండాల అని. ఊరంతా కడిగినారు. నీ మర్యాదకే చేయించినాను చంద్రికమ్మా."

చంద్రిక తిన్నె మీద కూర్చుంది. మందు ఘాటుకు తగ్గిన ఊపిరిని 'ముందు' అని రాసుకుంటే, పంట చివర తగ్గిన ఊపిరి దానికి సమానంగానే కనబడుతుంది.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. సుగటూరు స్కూలు వరండాలో ఇరవైమంది ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. వాళ్ళ చీరల నుంచి బ్లీచింగు వాసన వచ్చింది. వచ్చిందని ఇప్పుడు తోస్తోంది. ఆస్పత్రి మనిషికి ఆ వాసన ఒక వాసనలాగే అనిపించదు. ఎంత శుభ్రంగా వచ్చారో అనుకుంది. రెండు కొలతలూ ఉండవలసినదానికన్నా తక్కువగా ఉన్నాయని గమనించకపోలేదు. కట్టెల పొయ్యి పొగ అని రాసి సరిపెట్టుకుంది. ఎదురుగా, కొళాయి పక్కన తెరిచి ఉన్న వంటింటి తలుపులోంచి వీణ గ్యాసు పొయ్యి కనబడుతోంది. అది అక్కడికి వచ్చి ఎనిమిదేళ్ళయింది.

ఖాళీ షెడ్డు రోజుల్నే ఎందుకు ఎంచుకున్నట్టు? పురుగులున్నప్పుడు బయటివాళ్ళు పోకూడదని. పెళ్ళయి కాపురానికి వచ్చిన కొత్తలో అత్త పెట్టిన మొదటి కట్టడి అది. "నీ ఒంటి మీద ఆస్పత్రి వాసనుంటాది, నీ చేతులకు యా రోగం అంటుకొని ఉంటాదో ఏమో, పురుగుకు సున్నకట్టు తెగులు తగిలితే పంటంతా పారబోసుకోవాల" అంది. పురుగు గూడు కట్టే వెదురు చట్రాలను చంద్రికలంటారు. "మాకు షెడ్డులో నలభై చంద్రికలుండాయి, నలభై ఒకటోది బయటనే ఉండనీ" అని నవ్వింది కూడా. చంద్రికకు అది అవమానంగా తోచలేదు. ఆ పనికి తగిన జాగ్రత్తగానే తోచింది. పదిహేడేళ్ళుగా ఆ గడప తొక్కలేదు. పరిశోధన మొదలుపెట్టినప్పుడు, "పట్టు రైతుల కట్టుబాట్లు నాకు తెలుసు, మా ఇంట్లో పనే" అని టీముకు గర్వంగా చెప్పింది. షెడ్డు ఖాళీగా ఉన్న రోజుల్లో లోపల ఏం చేస్తారని ఒక్కసారైనా అడగలేదు.

ఒక్క సుగటూరైతే ఇరవైమందితో పోయేది. ఆమె టేకల్ నేత్రావతికి ఫోను చేసింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళను పోగు చేసింది ఆవిడే.

"అయ్యో మేడమ్, కంగ్రాజులేషన్స్! పేపర్లో చూసినాను. చానా బాగుండాది ఫొటో."

"నేత్రావతీ, ఒక మాట అడుగుతాను. మేము మొదటిసారి వచ్చే ముందు మీ ఊళ్ళో షెడ్లు కడిగించినారా?"

"కడిగించకుండా ఉంటామా మేడమ్? ముందు దినం అందరికీ చెప్పి బ్లీచింగు కొట్టించినాను. సుగటూరులో కూడా కడిగినారంట గదా, మేము తక్కువవుతామా?" అంతలోనే కాస్త బెదురుగా అడిగింది. "ఏమి మేడమ్, బాగా కడగలేదా? ఎవరన్నా ఏమన్నా అనిరా?"

"లేదు. చానా బాగా కడిగినారు," అంది చంద్రిక.

ఇంకో రెండూళ్ళకు చేసింది. ఒక ఊళ్ళో సున్నం కూడా కొత్తగా కొట్టించారట.

శ్రీకంఠ సార్ మొదటి రింగుకే ఎత్తారు. పాతికేళ్ళ కిందట స్కూటరు మీద గని లైన్ల వెంట తిరిగి ముసలివాళ్ళ ఛాతీలకు చెవి ఆనించి విన్న మనిషి. చంద్రికకు పాఠం చెప్పింది, పనిలోకి తీసుకుంది ఆయనే. జూన్‌లో రిటైరవుతారు.

"హేళమ్మా చంద్రికా, చెప్పండి. అత్తగారిని పిలిచారా? ముందు వరసలో సీట్లు చెప్పించాను."

ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన మధ్యలో అడ్డురాలేదు.

"ఒక్క మనిషి, ఒక్క ఊదుడు," అన్నారు అంతా విన్నాక. "దాని మీద నూట నలభైమంది కొలతలు కొట్టేస్తారా? ఎవిడెన్స్ ఏది? ఆవిడ ఆ రోజు సరిగ్గా ఊదలేదేమో. ఇవాళ కోపంలో గట్టిగా ఊదిందేమో."

"మూడూళ్ళకు ఫోన్ చేసినాను సార్."

"కడిగారన్నారు. కడిగితే ఊపిరి ఎంత తగ్గిందో వాళ్ళు చెప్పలేదు కదా. అంకెలు అబద్ధం చెప్పవమ్మా."

"చెప్పలేదు సార్. మనమే తప్పు దినానికి 'ముందు' అని పేరు పెట్టినాము."

ఆయన నిట్టూర్చిన చప్పుడు ఫోనులో వినబడింది. "చూడండి. నేను వద్దనడం లేదు. మంగళవారం దాటనివ్వండి. తరువాత ఇద్దరం కూర్చుని, పరిమితులు అనే చోట ఒక వాక్యం చేర్చి పంపుదాం. అందరూ చేసేదే. ఇప్పుడు మీరు నోరు తెరిస్తే డిపార్ట్‌మెంటు మొత్తం చులకనవుతుంది. రేపు ఇంకే ఊరివాళ్ళూ మనల్ని గడప ఎక్కనివ్వరు. ఆలోచించండి."

ఆలోచించింది. ఆయన చెప్పినదాంట్లో సగం నిజమే. ఎవిడెన్స్ ఏదన్నది మరీ నిజం. తన విద్యార్థి ఇలాంటి కబురు తెస్తే తనూ అదే అడిగేది. కానీ మంగళవారం నాటి ఫొటో బుధవారం మళ్ళీ పేపర్లో పడుతుంది. ఏడూళ్ళలో మళ్ళీ కత్తిరించుకుంటారు. పరిమితుల కింద రాసే ఆ ఒక్క వాక్యాన్ని ఎవరు లామినేషన్ చేయిస్తారు? ఎవరు తలుపుకు మేకు కొడతారు?

తోట నుంచి మునిశంకర్ వచ్చాడు. పంచె మోకాళ్ళ పైకి కట్టి, కాళ్ళకు బురదతో. నాగేశ్ ఎదురెళ్ళి అంతా చెప్పినట్టున్నాడు, వస్తూనే తిన్నె దగ్గర ఆగిపోయాడు.

"వదినా, తప్పుగా అనుకోవద్దు. ఒక మాట. నువ్వు రాసింది తప్పని నువ్వే చెప్పేస్తే ఏడూళ్ళలో ఆడోళ్ళు పని నిలిపేస్తారు. నీళ్ళులేని సీమ ఇది. మామిడి ఏడాదికొకసారి. రాగులు తినేదానికే సరి. నెలనెలా ఇంత చేతికొచ్చేది ఈ పురుగుతోనే."

"వీణ శుక్రవారం కూర్చునే నిద్రపోయిందా?"

అతను బురద కాలితో నేల మీద గీత గీశాడు. "నిద్ర యాడ పోయింది? నేనే వీపు రాస్తా కూర్చున్నాను."

"మరి పొద్దున నుంచి మీ అమ్మ అంటా ఉంటే నోరెత్తలేదేం?"

"నువ్వు రాసిందే నమ్మినాను వదినా," అన్నాడు మునిశంకర్. ఎత్తిపొడుపు కాదు. ఉన్నమాటే చెప్పాడు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

నాగేశ్ భార్యను పక్కకు పిలిచాడు. గడ్డివామి నీడలో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడాడు. "సార్ చెప్పిందాంట్లో న్యాయముంది చంద్రికా. పదకొండేళ్ళుగా ప్రొఫెసర్ పోస్టుకు ఎదురుచూస్తా ఉండావు. రెండు దినాలే కదా. రెండు దినాల్లో ఎవరికీ ఏమీ కాదు."

"వీణకు శుక్రవారం ఒక్క పూటకే అయింది."

"అయితే వీణను మాన్పిద్దాం. నేను అమ్మతో చెప్తాను. కూలిమనిషిని పెట్టుకుంటారు."

"ఆ కూలామె ఎవరు? ఆమె ఊపిరి ఎవరు కొలిచినారు?"

పెళ్ళాం క్లాసు గొంతులో మాట్లాడినప్పుడు అతను జవాబు చెప్పడం మానేసి చాలా ఏళ్ళయింది.

మునివెంకటమ్మ ఈ లోపల తనే ఆకు మోపు ఎత్తుకుని షెడ్డులోకి వెళ్ళి, మేత వేసి వచ్చింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. బయటికి వచ్చి గడప మీద కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంది. దగ్గు వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చంద్రిక వెళ్ళి పక్కన, గడపకు ఇవతల కూర్చుంది.

"అంటే నేను కడిగించింది తప్పా?" అంది మునివెంకటమ్మ, ఆమె వైపు చూడకుండా. "నీకొచ్చిన మర్యాద నావల్లనే పోతా ఉండాదంటావు."

"నేనట్ల అననత్తా."

"అనకున్నా అంతే గదా. బస్సు దిగి యా ఊరోళ్ళయినా, మునివెంకటమ్మ కోడలు డాక్టరంట గదా అంటారు. నేనేమో చదువుకోలేదు. నీకోసం నేను చేయగలిగింది ఏముండాది? ఆ ఒక్క దినం చేసినాను. షెడ్డు కడిగించినాను." గడప మీద రాలిన ఆకు ముక్కను వేలితో పక్కకు నెట్టింది. "వీణను అన్నదానికి కూడా నేనే చెడ్డదాన్నయినాను. ముప్పై ఏండ్లుగా నేను పోతా ఉండాను లోపలికి. నాకు దగ్గు రాలేదా? ఎవరితో చెప్పుకున్నాను?"

చెప్పుకోకపోవడం కూడా చంద్రిక పట్టికలో లేని సంగతే. దగ్గు ఉందా అని అడిగితే నూట నలభైమందిలో నూటపాతిక మంది లేదన్నారు. డాక్టరుతో లేదనడం ఇక్కడి ఆడవాళ్ళకు మర్యాద.

"నీ తప్పు కాదత్తా. ఇంటికెవరైనా వస్తా ఉంటే వాకిలి ఊడ్చినట్లు చేసినావు. ముందు దినం ఏం చేస్తారని నేనే అడగాల్సింది. పదిహేడేండ్లయింది, నేను అడగనే లేదు."

మునివెంకటమ్మ ఆమె చేతి వైపు చూసింది, ఏదో అనబోయింది. లేచి, "ముద్ద కలపాల," అంటూ వంటింట్లోకి పోయింది.

చంద్రిక అక్కడే కూర్చుని ఫోనులో ఉత్తరం రాసింది. పదకొండు వాక్యాలు. రెండు చోట్ల 'మేము' అని రాసి, కొట్టేసి, 'నేను' అని దిద్దింది. ఒకసారి మొదటినుంచి చదివింది. పంపింది. ఆ తరువాత ఆఫీసు గుమాస్తాకు వేరేగా ఒక చిన్న మెసేజీ పెట్టింది. అదంతా అయ్యేసరికి ఒంటిగంటయింది.

వసారాలో అందరికీ పళ్ళేలు పెట్టారు. మామ శ్రీనివాసప్ప గోడ వారగా, పక్కన నాగేశ్, మునిశంకర్. రాగిముద్ద, అవిసాకు ఉడికించిన నీళ్ళతో కాచిన బస్సారు. మామూలుగా పెద్దకోడలు వచ్చిన ఆదివారం వసారా గలగలలాడుతుంది. ఇవాళ చెంబు కింద పెట్టిన చప్పుడు కూడా వినబడుతోంది.

శ్రీనివాసప్ప ముద్ద తుంచుకుంటూ అడిగాడు. "మంగళవారం ఎన్ని గంటలకమ్మా సభ? బాడుగ కారు చెప్పాలేమో, శంకరుకు కుదరదు ఆ దినం."

"కారొద్దు మామా," అంది చంద్రిక. గొంతు పెంచలేదు. అందరూ తినడం ఆపి వినేంత నెమ్మదిగా చెప్పింది. "మంగళవారం నేను సభకు పోవడంలేదు. మొదటి కొలత నమ్మదగింది కాదని నా పరిశోధన వేసిన జర్నలోళ్ళకు రాసి పంపించేసినాను. నా ఒక్కదాని పేరుతోనే. శ్రీకంఠ సార్‌కు ఒక కాపీ పోయింది."

నాగేశ్ చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. వీణ వంటింటి తలుపు దగ్గర గరిటెతో నిలబడిపోయింది.

"రుజువేదని సార్ అడిగినారు. న్యాయమైన మాటే. నా దగ్గర లేదు. అందుకే ఆరు దినాలు లీవు పెట్టినాను. పురుగు పండేదాకా వీణ బయట ఉంటాది. వీణ చేసే పనంతా నేను చేస్తాను. మేత వేసేది, తట్టలు తీసేది, మందుపొడి చల్లేది. నా ఊపిరి ఇంతవరకు పురుగు ముఖం చూడలేదు, షెడ్డులో కొట్టే బ్లీచింగు ముఖం కూడా చూడలేదు. ఇద్దరమూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊదుతాము. వీణ అంకె ఎట్ల పోతాదో, నా అంకె ఎట్ల పోతాదో, గోడ మీద బొగ్గుతో రాస్తాను. ఇంట్లో అందరూ చూడండి."

మునివెంకటమ్మ బస్సారు గిన్నె పట్టుకుని వసారా మధ్యలో నిలబడి పెద్దకోడలినే చూస్తోంది.

"మూడింటి మేతకు నేను లోపలికి వస్తానత్తా," అంది చంద్రిక. "పని మాత్రం నువ్వే నేర్పాల."